బీపీకా, గుండె బలహీనతకా? బీటా బ్లాకర్ విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఇదే

మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నెలకి నాలుగైదు సార్లైనా ఈ ప్రశ్న వస్తుంది. చేతిలో రెండు షీట్లు పట్టుకుని, "ఇది మా ఆయనది, ఇది మా అన్నయ్యది, రెండూ గుండె బిళ్లలే అన్నారు, మరి వీటిలో ఏది మంచిది బాబూ?" అని అడుగుతారు. ఒక షీటు మీద అటెనొలాల్ అని ఉంటుంది, ఇంకోదాని మీద బిసోప్రొలాల్ అని. పేరు చివర "లాల్" అని వినిపించే ఈ మందులన్నీ ఒకే కుటుంబం, బీటా బ్లాకర్లు. కానీ ఒకే కుటుంబం కదా అని ఒకదాని బదులు ఇంకోటి వేసుకుంటే సరిపోదు. పదిహేనేళ్లుగా ఈ బిళ్లలు అమ్ముతున్నాను, ఆరేళ్లుగా మా నాన్నకి గుండె బలహీనత కోసం ఇవే వేయిస్తున్నాను, కాబట్టి రెండు వైపుల నుంచీ తెలిసింది రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. కానీ మీ చీటీలో ఉన్నది ఎందుకు ఉందో మీకు తెలిస్తే, డాక్టర్ గారి ముందు కూర్చున్న ఆ ఐదు నిమిషాల్లో సరైన మాట అడగగలుగుతారు.

"ఏ లాల్ మంచిది" అనే ప్రశ్న తర్వాత. ముందు అడగాల్సింది, ఈ మందు మీకు దేనికి రాశారు? బీపీ ఒక్కదానికేనా, లేక గుండె పంపింగ్ తగ్గినందుకా? ఈ రెంటికీ జవాబులు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి.

మన ఒంట్లో భయం, కోపం, పరుగు, టెన్షన్ వచ్చినప్పుడు అడ్రినలిన్ లాంటి రసాయనాలు గుండెని తరుముతాయి. నాడి పెరుగుతుంది, గుండె గట్టిగా కొట్టుకుంటుంది, బీపీ ఎక్కుతుంది. ఆ రసాయనాలు గుండె మీద అంటుకునే చోటుని బీటా బ్లాకర్ ముందే మూసేస్తుంది. అందుకే నాడి తగ్గుతుంది, గుండెకి పని తగ్గుతుంది. ఇక్కడి దాకా ఎవరికైనా అర్థమవుతుంది. మరి ఇప్పటికే బలహీనంగా ఉన్న గుండెకి ఇంకా నెమ్మదించే మందు ఇవ్వడమేంటి? ఒకప్పుడు డాక్టర్లకీ ఇదే అనుమానం, హార్ట్ ఫెయిల్యూర్ (అంటే ఈ గుండె బలహీనతే, పంపింగ్ సరిపోకపోవడం) ఉంటే బీటా బ్లాకర్ ఇవ్వకూడదనే వైద్య విద్యార్థులకి చెప్పేవారు. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం కేవలం ఏడుగురు రోగులకి ఇచ్చి, వాళ్ల గుండె మెరుగైందని రాస్తే చాలామంది నమ్మలేదు. పెద్ద అధ్యయనాలు వచ్చి అది నిజమని తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. విషయం ఏంటంటే, గుండె బలహీనపడగానే ఒళ్లు కంగారుపడి అడ్రినలిన్‌ని రోజంతా వదులుతూ ఉంటుంది. అలసిపోయిన ఎద్దుని ములుగర్రతో పొడిచి పొడిచి దున్నించడం లాంటిది అది. నాలుగు చాళ్లు ఎక్కువ దున్నుతుందేమో కానీ ఆ ఎద్దు బతకదు. బీటా బ్లాకర్ చేసేది ఆ ములుగర్రని పక్కన పెట్టించడం.

బీపీ ఒక్కటే ఉన్నవాళ్లకి

గుండెపోటు రాలేదు, పంపింగ్ బాగుంది, దడ లేదు, ఉన్నదల్లా బీపీ. అలాంటప్పుడు ఇప్పటి పద్ధతిలో బీటా బ్లాకర్ మొదటి మందు కాదని నా గట్టి అభిప్రాయం, ఎక్కువ మార్గదర్శకాలూ అదే చెప్తాయి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటివి, క్లోర్తాలిడోన్ లాంటి నీరు పోయే బిళ్లలు ముందు వస్తాయి. 2017లో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత బీపీ నియంత్రణ కార్యక్రమంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేవి కూడా ఈ రకాలే.

దీనికి కారణం ఉంది. 2002లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో తొమ్మిది వేల మందికి పైగా బీపీ రోగుల్లో సగం మందికి లోసార్టాన్, సగం మందికి అటెనొలాల్ ఇచ్చారు. బీపీ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా తగ్గింది, కానీ లోసార్టాన్ వేసుకున్నవాళ్లలో పక్షవాతం పావు వంతు తక్కువ. 2005లో ఆస్కాట్ అనే ఇంకా పెద్ద అధ్యయనంలోనూ ఆమ్లోడిపిన్‌తో మొదలుపెట్టిన వాళ్లకి అటెనొలాల్‌తో మొదలుపెట్టిన వాళ్లకంటే పక్షవాతాలూ తక్కువ వచ్చాయి, కొత్తగా షుగర్ రావడమూ తక్కువే. అంటే మిషన్ మీద అంకె తగ్గడం ఒకటే చూసుకుంటే చాలదు, మెదడుకి రక్షణ ఎంత దొరికిందన్నదీ చూడాలి.

అలాగని బీపీ ఉన్నవాళ్లు ఎవరూ వేసుకోకూడదని కాదు. బీపీతో పాటు గుండెనొప్పి ఉన్నా, ఈమధ్యే గుండెపోటు వచ్చినా, నాడి లయ తప్పి వేగంగా కొట్టుకుంటున్నా, థైరాయిడ్ ఎక్కువై దడ ఉన్నా, తరచూ మైగ్రేన్ వస్తున్నా ఒకే బిళ్ల రెండు పనులు చేస్తుంది, అప్పుడు ఇది మంచి ఎంపికే. గర్భిణులకి బీపీ వస్తే లబెటలాల్ రాస్తారు, అది చూసి "అయ్యో గుండె బిళ్ల రాశారేంటి" అని భయపడకండి. గర్భంలో వాడదగ్గ మందుల్లో అది ముందు వరసలో ఉంటుంది. మామూలుగా బీపీకి వేసే టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకాలు మాత్రం కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆమ్లోడిపిన్, అటెనొలాల్ కలిపిన బిళ్ల మన ఊళ్లలో ఏళ్ల తరబడి నడుస్తోంది. పదేళ్ల కిందటి చీటీ, దాన్నే మడతలు పడి చిరిగిపోయేదాకా చూపించి కొంటూ ఉంటారు. అరవై దాటిన పెద్దమ్మ వస్తుంది, "నీరసంగా ఉంది, మెట్లెక్కలేకపోతున్నా, బలానికి టానిక్ ఇవ్వు" అంటుంది. నాడి చూస్తే 48. ఆమెకి కావాల్సింది టానిక్ కాదు, ఆ చీటీని డాక్టర్ మళ్లీ ఒకసారి చూడటం. అటెనొలాల్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, వయసుతో కిడ్నీ పని తగ్గితే అదే డోసు ఒంట్లో పేరుకుంటుంది. మీ ఇంట్లో ఇలా ఎవరైనా ఉంటే కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించి, ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సొంతంగా మాత్రం ఆపకండి, ఎందుకన్నది కింద చెప్తాను.

బీపీకి బీటా బ్లాకరే కావాల్సి వస్తే నెబివొలాల్ లేదా బిసోప్రొలాల్ వైపు నేను మొగ్గుతాను. రెండూ రోజుకి ఒక్కసారి చాలు, రెండూ ఎక్కువగా గుండె మీదే పని చేస్తాయి, ఊపిరితిత్తుల జోలికి తక్కువ పోతాయి. నెబివొలాల్ రక్తనాళాలని కూడా కొంత సడలిస్తుంది. మగవాళ్లు సిగ్గుపడి చెప్పని సమస్య ఒకటి ఈ మందులతో కొందరికి వస్తుంది, దాంపత్యంలో పటుత్వం తగ్గడం. నెబివొలాల్‌తో అది తక్కువ. ఆ ఒక్క కారణంతో చెప్పకుండా మందు మానేసి, ఆరు నెలల తర్వాత బీపీ 190తో వచ్చినవాళ్లని చూశాను. డాక్టర్‌కి ఒక్క మాట చెప్తే మందు మారేది.

పంపింగ్ తగ్గినవాళ్లకి

ఇక్కడ కథ మొత్తం మారిపోతుంది. టూడీ ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది, మనవాళ్లు "పంపింగ్" అనేది దాన్నే. అది 40 లేదా అంతకంటే తక్కువ ఉంటే, వేసుకోకూడని కారణం ఏదో ఉంటే తప్ప, బీటా బ్లాకర్ తప్పనిసరి. అది బీపీ కోసం ఇచ్చేది కాదు, బీపీ మామూలుగా ఉన్నా ఇస్తారు. "నాకు బీపీ లేదుగా, బీపీ బిళ్ల ఎందుకు?" అని మానేసేవాళ్లు దయచేసి ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

కానీ ఏ లాల్ పడితే ఆ లాల్ పనికిరాదు. ఆయుష్షు పెంచుతాయని గట్టిగా రుజువైనవి మూడే: బిసోప్రొలాల్, కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్. 1999లో వచ్చిన సిబిస్-2లో బిసోప్రొలాల్, అదే ఏడాది మెరిట్-హెచ్ఎఫ్‌లో మెటోప్రొలాల్ సక్సినేట్, ఒక్కొక్కటీ మరణాలని 34 శాతం తగ్గించాయి. 2001లో కోపర్నికస్ అధ్యయనంలో బాగా ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్‌లో కార్వెడిలాల్ 35 శాతం తగ్గించింది. ఇవన్నీ మామూలుగా వేసుకునే మిగతా మందుల పైన అదనంగా ఇచ్చినప్పటి లెక్కలు. నెబివొలాల్‌ని 70 దాటినవాళ్లలో సీనియర్స్ అధ్యయనంలో చూశారు. మరణాలూ ఆసుపత్రి చేరికలూ కలిపి చూస్తే 14 శాతం తగ్గాయి, మరణాలు విడిగా చూస్తే తేడా అంత స్పష్టంగా లేదు. అందుకే నా దృష్టిలో అది నాలుగోది. అటెనొలాల్‌కి ఈ జబ్బులో అలాంటి రుజువు లేదు. పంపింగ్ 30 ఉన్న మనిషి చీటీలో ఇంకా అటెనొలాలే కనిపిస్తే ఎందుకో అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తున్నాను. మెటోప్రొలాల్ అని రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి టార్ట్రేట్, ఇది త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది, రోజుకి రెండు మూడు సార్లు వేసుకోవాలి. ఇంకోటి సక్సినేట్, పేరు పక్కన ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఆర్, ఈఆర్ లాంటి అక్షరాలుంటాయి, రోజంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో రుజువున్నది ఈ రెండోదానికే. 2003లో కామెట్ అధ్యయనం మొదటిదాన్ని, అంటే టార్ట్రేట్‌ని, కార్వెడిలాల్‌తో పోల్చింది. దాదాపు ఐదేళ్లలో కార్వెడిలాల్ వాళ్లలో 34 శాతం మంది, టార్ట్రేట్ వాళ్లలో 40 శాతం మంది చనిపోయారు. టార్ట్రేట్ డోసు తక్కువ ఇచ్చారని వాదించినవాళ్లున్నారు, అయినా ఆ తర్వాత హార్ట్ ఫెయిల్యూర్‌కి టార్ట్రేట్‌ని ఎవరూ సిఫార్సు చేయలేదు.

ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తున్నాను. నాన్న అక్క వాళ్ల ఊరు వెళ్లారు, నెల ఉందామనుకుని. తీసుకెళ్లిన బిళ్లలు అయిపోతే అక్కడ ఒక షాపులో ఖాళీ షీటు చూపించి కొన్నారు. వాళ్లు "పేరు అదే, పవర్ అదే" అని మెటోప్రొలాల్ 50 మి.గ్రా. బిళ్లలు ఇచ్చారు, ఎక్స్‌ఎల్ కానివి. నాన్న అలవాటు ప్రకారం పొద్దున ఒకటే వేసుకున్నారు. టిఫిన్ అయ్యాక కళ్లు తిరగడం, సాయంత్రానికి గుండె దడ, రాత్రి పడుకుంటే ఆయాసం. తొమ్మిదో రోజు వీడియో కాల్‌లో షీటు కెమెరా దగ్గర పెట్టమన్నాక గానీ నాకు తెలియలేదు. నేను ఈ పనిలోనే ఉండి, మా నాన్నకే ఇలా జరిగిందంటే మిగతావాళ్ల సంగతేంటని చాలా రోజులు నిద్ర పట్టలేదు. కొనేటప్పుడు పేరు ఒక్కటే కాదు, పేరు వెనకాల ఉన్న ఆ అక్షరాలు కూడా చదివించుకోండి. ఇంకో చిన్న మాట, కొన్ని షీట్ల మీద సక్సినేట్ 47.5 అని, 50కి సమానమని ఉంటుంది, అది తప్పు మందు కాదు. మధ్యలో గీత ఉన్న ఎక్స్‌ఎల్ బిళ్లని డాక్టర్ చెప్తే సగానికి విరవచ్చు, కానీ నూరకూడదు, నమలకూడదు.

మరి మూడింటిలో ఏది? పెద్ద తేడా మనిషిని బట్టే. బీపీ ఎక్కువగా ఉండి పంపింగ్ తగ్గితే కార్వెడిలాల్ కలిసొస్తుంది, అది రక్తనాళాలని కూడా వదులు చేసి బీపీని బాగా దించుతుంది. షుగర్ ఉన్నవాళ్లకీ టార్ట్రేట్ మెటోప్రొలాల్‌తో పోలిస్తే చక్కెర లెక్కలు కాస్త మెరుగ్గా ఉంటాయి. కానీ బీపీ పై అంకె ముందే 100 దగ్గర ఉంటే అదే గుణం ఇబ్బంది పెడుతుంది, లేవగానే కళ్లు తిరుగుతాయి, అలాంటివాళ్లకి బిసోప్రొలాల్ గానీ మెటోప్రొలాల్ సక్సినేట్ గానీ సులువు. బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి (ఉబ్బసం కాదు, సీఓపీడీ) బిసోప్రొలాల్ బాగా సరిపోతుంది, గుండె మీద పని ఎక్కువ, శ్వాసనాళాల మీద తక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లకి కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్ వద్దు, మిగతావి కూడా డాక్టర్ కళ్లముందే మొదలుపెట్టాలి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి కార్వెడిలాల్ ఇవ్వరు. కిడ్నీ విషయంలో కార్వెడిలాల్, మెటోప్రొలాల్ రెండూ లివర్ ద్వారా పోతాయి కాబట్టి ఇబ్బంది తక్కువ, బిసోప్రొలాల్ సగం లివర్ ద్వారా, సగం కిడ్నీ ద్వారా పోతుంది.

ఇంకోటి, పుస్తకాల్లో పెద్దగా రాయరు కానీ నాకు చాలా ముఖ్యం. కార్వెడిలాల్ మామూలుగా రోజుకి రెండుసార్లు, అన్నంతో వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే కళ్లు తిరగడం ఎక్కువ. పొద్దున్నే పొలం వెళ్లి, రాత్రి బిళ్ల మర్చిపోయే మనిషికి రోజుకి ఒక్కటే ఉండే మందు మంచిది. రెండు పూటలా గుర్తుచేసే కోడలో, మనవడో ఇంట్లో ఉంటే ఏదైనా పర్లేదు. ఈ సంగతి డాక్టర్‌కి మీరే చెప్పాలి, ఆయనకి తెలిసే వీలు లేదు.

పంపింగ్ 50, 60 ఉండి కూడా ఆయాసం, వాపులు వచ్చే హార్ట్ ఫెయిల్యూర్ ఉంటుంది. దాంట్లో ఈ మందులు ఆయుష్షు పెంచుతాయన్న రుజువు లేదు. వేరే కారణం ఉంటేనే రాస్తారు.

మొదలుపెట్టడం, పెంచడం, ఆపడం

గుండె బలహీనతకి ఈ మందు చీమ నడకన మొదలవుతుంది. బిసోప్రొలాల్ 1.25 మి.గ్రా.తో మొదలై 10 దాకా, కార్వెడిలాల్ 3.125 రెండు పూటలా మొదలై 25 రెండు పూటలా, మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25తో మొదలై 200 దాకా. కనీసం రెండు వారాలు ఆగి, తట్టుకుంటేనే రెట్టింపు చేస్తారు. కాళ్ల వాపు, ఆయాసం ఎక్కువగా ఉన్నప్పుడు మొదలుపెట్టరు, ముందు నీరు తీసేశాకే. చాలామంది మొదటి డోసు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతారు, ఎవరూ పెంచరు, వీళ్లూ అడగరు. పూర్తి లాభం అధ్యయనాల్లో చూసిన పెద్ద డోసుకే కాబట్టి "నా డోసు ఇంకా పెంచొచ్చా?" అని ప్రతిసారీ అడగండి.

మొదటి వారాల్లో నీరసం వస్తుంది. నాన్న మొదటి నెల "ఇది వేసుకున్నాకే ఒంట్లో సత్తువ పోయింది, వద్దురా" అన్నారు. గుండె కోలుకోవడం నెలల్లో కనిపిస్తుంది, నీరసం రోజుల్లో కనిపిస్తుంది, అందుకే మధ్యలో వదిలేయాలనిపిస్తుంది. రోజూ పొద్దున లేచి, ఒంటికి వెళ్లొచ్చి, టిఫిన్‌కి ముందు బరువు చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు, వెంటనే ఫోన్ చేయాలి. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపల సీజన్‌లో ఇది మరీ ఎక్కువ చూస్తాను. నాడి 50 కంటే తగ్గినా, బీపీ పై అంకె 90 కంటే తగ్గినా, స్పృహ తప్పినట్టు అనిపించినా తర్వాతి డోసుకి ముందు డాక్టర్‌ని అడగాలి.

ఆపడం విషయానికొస్తే, ఇన్నాళ్లూ మూసి ఉంచిన తలుపులు ఒక్కసారి తెరిస్తే అడ్రినలిన్ అంతా ఒకేసారి గుండె మీద పడుతుంది. దడ, గుండెనొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి గుండెపోటు కూడా రావొచ్చు. మానాల్సి వస్తే డాక్టర్ చెప్పినట్టు వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. తిరుపతి ప్రయాణమో, పెళ్లో, అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలో, ఎక్కడికెళ్లినా ఉండే రోజులకంటే పది రోజులు ఎక్కువ బిళ్లలు, చీటీ చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో కాదు.

వీటితో కలవకూడనివి కొన్ని. వెరపమిల్, డిల్టియాజెమ్ అనే మందులు కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి) కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే, కంటి డాక్టర్‌కీ గుండె డాక్టర్‌కీ ఒకరి మందు ఇంకొకరికి తెలియకపోతే రెండూ కలిసి నాడిని దించుతాయి. ఇలాంటి కేసు నేను షాపులోనే పట్టుకున్నాను. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి గుండె బలహీనత ఉన్నవాళ్లు మా దగ్గరైనా, ఇంకెక్కడైనా అడిగి కొనకండి, ఒంట్లో నీరు పెంచుతాయి. షుగర్ మందులు వాడేవాళ్లకి చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందుతో తెలియకుండా పోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే ముందు గ్లూకోమీటర్ తీయండి.

మెటోప్రొలాల్ సక్సినేట్ 25తో మొదలైన నాన్న ఇప్పుడు 100 దగ్గర ఉన్నారు. నాడి 56 ఉంది కాబట్టి డాక్టర్ గారు ఇంక పెంచనన్నారు. మిగతా గుండె మందులతో కలిపి ఏడాదిలో పంపింగ్ 30 నుంచి 42కి వచ్చింది. "బాగైపోయిందిగా, ఇక మానేద్దామా?" అని అడిగితే, "ఈ మందుల వల్లే 42, మానేస్తే మళ్లీ కిందికి జారుతుంది" అన్నారాయన. ఇప్పుడు అక్క వాళ్ల ఊరు వెళ్లినప్పుడల్లా సంచిలో రెండు షీట్లు అదనంగా పెడుతున్నాను, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా "ఎక్స్‌ఎల్" అని రాసి.